మన ఇంటి పేజీలో పదకొండుమంది

"మనకే! మొత్తం మనకే!" అని కేకలు పెడుతూ మా ఆయన షాపులోకి దూసుకొచ్చాడు. ఒక కాలికి చెప్పు లేదు. మెట్ల దగ్గర ఊడిపోయిందట, వెనక్కి తిరిగి చూసే తీరిక లేకపోయిందట.

మామయ్య కత్తెర ఆపలేదు. సుద్దగీత చివరిదాకా గుడ్డ కత్తిరించి, అప్పుడు తలెత్తారు.

"ఎన్ని?"

"ఆరు వందల జతల యూనిఫారాలు నాన్నా. బడి మొత్తానికి. ఒకటో తరగతి నుంచి ఏడు దాకా."

"ఎప్పటికి?"

"బడి తెరిచే ముందు శుక్రవారానికి. ఇంకా నెల రోజులుంది."

"పిల్లలంతా సెలవుల్లో ఉంటే కొలతలు ఎప్పుడు తీస్తాం?"

గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుని కాజాలు కుట్టే పెద్దాయన పకపకా నవ్వాడు. ముప్పయ్యేళ్ళుగా ఆ స్టూలు మీదే కూర్చుని చొక్కాలకి కాజాలు కుడుతున్నాడు కనక వీధి వీధంతా ఆయన్ని కాజాల బాబాయి అంటుంది. "ఒరే అబ్బాయ్, ఆర్డరు తెచ్చావు సరే, ఆ రెండో చెప్పు కూడా తెచ్చుకో, కుక్క ఎత్తుకుపోగలదు" అన్నాడు.

అది మా పెళ్ళయిన నలభై ఒకటో రోజు. లెక్కపెట్టడం నా జబ్బు. కాలేజీలో మూడేళ్ళు గణాంకశాస్త్రం చదివినదాన్ని, మేడ మెట్లు పద్నాలుగనీ, మా ఆయన టీ తాగేటప్పుడు మూడుసార్లు ఊదుతాడనీ నాకు కంఠతా వచ్చు. ఆ రోజుల్లో ఏది చూసినా ముచ్చటగానే ఉండేది. అందరి ముందు ఆయన్ని "మీరు" అనడం, మేడెక్కగానే "నువ్వు" అనడం, ఎనిమిదో మెట్టు దగ్గర ఆ మార్పిడి జరగడం కూడా నాకు పెద్ద వేడుకే.

"కొలతలు తియ్యక్కర్లేదు మామయ్యా" అన్నాను. అందరూ నా వంక చూశారు. అత్తయ్య కూడా మిషను ఆపింది. "మీ దగ్గర పుస్తకాలున్నాయి కదా. ఇన్నేళ్ళుగా కొలిచిన పిల్లల లెక్కలన్నీ అందులోనే ఉన్నాయి. ఆరేళ్ళ పిల్లలందరి సగటూ తీస్తే ఆరేళ్ళ సైజు వస్తుంది. ఏడేళ్ళకీ అంతే. ఒక్కో వయసుకి చిన్నదీ, మధ్యదీ, పెద్దదీ మూడు సైజులు తీసిస్తాను."

మామయ్య చెవి మీది పెన్సిలు తీసి, మళ్ళీ అక్కడే పెట్టుకున్నారు. "కొలత తియ్యకుండా కుట్టడమంటే కళ్ళు మూసుకుని కత్తెర వెయ్యడమేనమ్మా."

"కోడలుపిల్ల కళ్ళు తెరుచుకునే ఉంటుంది లెండి. ఇవ్వండి పుస్తకాలు" అంది అత్తయ్య. నేను ఎగిరి గంతేయలేదు గానీ, కాళ్ళు మాత్రం ఆ పని చేద్దామని చూశాయి.

*

పంతొమ్మిది పుస్తకాలు. అట్టలు నూనెపట్టి, అంచులు నలిగి, ఒక్కో దానికీ నాడా కట్టి ఉంది. వాటిని మేడ మీద గచ్చంతా పరుచుకుని కూర్చున్నాను. నాలుగు రోజులు మా గదిలో నడవడానికి చోటు లేకపోయింది. మా ఆయన కాలి బొటనవేళ్ళ మీద గెంతుతూ మంచం దాకా వచ్చేవాడు.

మామయ్య పుస్తకాల్లో పేర్లుండవు. పేజీకో ఇల్లు. "పోస్టుమాన్ ఇల్లు." "మూల మీద డాక్టరు." "గొంతు పెద్దావిడ పిల్లలు." పేర్లు రాస్తే ఎవరు ఎవరో గుర్తుండదట ఆయనకి. ఇంటింటికీ కింద పిల్లలు వరసగా ఉంటారు. వయసు, ఛాతీ, నడుము, భుజం, పొడవు. ఆరు నెలలకోసారి కొత్త అంకెలు. ఒక పిల్లవాడు అయిదేళ్ళప్పుడు మొదలై పద్దెనిమిదేళ్ళ దాకా ఒకే పేజీలో పెరుగుతూ పోతాడు. గుడ్డలు చుట్టివచ్చే గోధుమరంగు కాగితం మీద ఆ పెరుగుదలలన్నీ గీతలుగా గీశాను. ఎంత అందంగా పైకి లేచేవో ఆ గీతలు! గొంతు పెద్దావిడ మూడోవాడు పదమూడో ఏట ఒక్కసారిగా నాలుగంగుళాలు లేచాడు. వాణ్ణి నేను ఎన్నడూ చూడలేదు గానీ, వాడి కోసం చప్పట్లు కొట్టాను.

నాలుగో పుస్తకంలో "మన ఇల్లు" అని ఒక పేజీ కనిపించింది. నాలుగు వరసలు. నేను, తను, పెద్దవాడు, చిన్నది. మా ఆయన ఇంకా పుట్టని కాలం అది. ఆయన ఒక్కడే కొడుకు. కాబట్టి ఈ పెద్దవాడూ చిన్నదీ మామయ్య తమ్ముడూ చెల్లెలూ అయి ఉంటారనుకున్నాను. వాళ్ళకీ గీతలు గీశాను.

చిన్నదాని గీత పైకి వెళ్ళింది. ఆరేళ్ళు, ఛాతీ ఇరవైమూడు. ఆరున్నర, ఇరవైమూడున్నర. తర్వాతి వరసకొచ్చేసరికి అయిదేళ్ళు, ఇరవైఒకటి. మళ్ళీ పైకి. మళ్ళీ దబ్బున కిందికి. పెద్దవాడూ అంతే. పదేళ్ళవాడు ఏడేళ్ళవాడైపోయాడు, ఆ పైన తొమ్మిదికెక్కి, మళ్ళీ ఆరుకి దిగాడు.

నాకు నిధి దొరికినంత సంబరమైంది. జన్మలో అంగుళంలో పావు వంతు తప్పని మామయ్య, సొంత ఇంటి పేజీలో తప్పారు! ఆ మధ్యాహ్నం అందరం భోజనానికి కూర్చున్నప్పుడు ఇక ఆగలేకపోయాను.

"మామయ్యా, మీ చెల్లెలుగారు ఏం తిన్నారో నాకూ చెప్పండి. ఏడాది తిరిగేసరికి రెండంగుళాలు తగ్గి, ఒక సంవత్సరం చిన్నదైపోయారు."

మామయ్య చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. "నాకు చెల్లెలెక్కడుందమ్మా?"

"మరి పుస్తకంలో చిన్నది అని..."

అత్తయ్య లేచింది. కంచంలో సగం అలాగే ఉంది. చెయ్యి కడుక్కుని, ఎవరి వంకా చూడకుండా షాపులోకి వెళ్ళిపోయింది. మరుక్షణం మిషను చప్పుడు మొదలైంది.

"ఎవరు నాన్నా చిన్నది?" అన్నాడు మా ఆయన.

కాజాల బాబాయి తన మంచినీళ్ళ గ్లాసులోకి బావిలోకి చూసినట్టు చూస్తున్నాడు. మామయ్య ఆయన వంక ఒకసారి చూసి, "పన్లో పడండి. ఆరు వందలు" అన్నారు.

నేను నాలుక్కరుచుకున్నాను. కానీ అప్పటికే ఆలస్యమైంది.

సాయంత్రం మేడ మీద మా ఆయన పిట్టగోడకి ఆనుకుని నిలబడ్డాడు.

"చిన్నప్పుడు నాకో తమ్ముడు కావాలని తెగ గొడవ చేసేవాణ్ణి తెలుసా? అమ్మ కసిరేది కాదు, నవ్వేది కాదు. వెళ్ళి మిషను ముందు కూర్చునేది. ఇరవయ్యారేళ్ళుగా ఈ ఇంట్లో నాకు తెలియని మూల లేదనుకున్నాను. నువ్వొచ్చి నలభై అయిదు రోజులు కాలేదు..."

"నలభై ఆరు."

"నలభై ఆరు రోజులకే పుట్ట తవ్వావు."

"తవ్వలేదు. సగటు తీశాను."

అప్పుడు నవ్వాడు. అత్తయ్యని అడగకూడదని, ఆవిడంతట ఆవిడ చెప్తే వినాలని ఇద్దరం తీర్మానించుకున్నాం. ఆ తీర్మానాన్ని నేను మర్నాడు పొద్దున తొమ్మిదింటి దాకా నిలబెట్టుకున్నాను.

*

"అత్తయ్యా, నిన్న నాది నోటిదూల" అన్నాను మిషను పక్కన చతికిలబడి.

"బాబిన్లు నింపు" అంది.

నింపాను. నాలుగు బాబిన్లు అయ్యాయి. అయిదోదానికి దారం చుడుతుంటే, మిషను మీది నుంచి చూపు తిప్పకుండా, "పదకొండుమంది" అంది.

నేను దారం చుట్టడం ఆపాను.

"పెళ్ళైన తొమ్మిదేళ్ళకి పుట్టాడు వీడు. అంతవరకూ ఇల్లు బోసిగా ఉందనుకుంటారు అందరూ. ఎక్కడా? పిల్లల ఆఫీసు వాళ్ళు ఇళ్ళ కోసం తిరిగేవారు. ఏ పిల్లకో తల్లి ఆసుపత్రిలో ఉంటుంది, ఎవడికో తండ్రి అజాపజా ఉండదు. వాళ్ళ ఇంటి సంగతి తేలేదాకా కొన్నాళ్ళు ఎవరో ఒకరు చూసుకోవాలి. మీ మామయ్య వెళ్ళి మన పేరు రాయించారు. నన్ను అడగనైనా అడగలేదు. అడిగుంటే వద్దనేదాన్ని."

"తర్వాత?"

"తర్వాతేముంది, వచ్చారు. నెల ఉన్నవాళ్ళున్నారు, ఏడాది ఉన్నవాళ్ళున్నారు. ఎవరొచ్చినా ఆయన రాయడం మాత్రం ఒకటే. పిల్లవాడైతే పెద్దవాడు, పిల్లైతే చిన్నది. కొత్త వరసెందుకు, రేపోమాపో వెళ్ళేవాళ్ళే కదా అనేవారు. నిజమే. వెళ్ళాలనే కదా చూసుకునేది మనం. వెళ్ళే రోజుకి కొత్త జత కుట్టి, కింద మూడు మడతలు పెట్టేవారు. ఏడాదికొకటి విప్పుకోమని. వచ్చే ఏడు కొలత తీసేది మనం కాదుగా."

మిషను మళ్ళీ నడిచింది. ఒక చొక్కా చెయ్యి పూర్తి చేసింది.

"చివరిది మాత్రం మూడేళ్ళుంది. అయిదేళ్ళప్పుడొచ్చింది. సుద్దముక్క అనేవాళ్ళం. ఎప్పుడు చూసినా చేతిలో సుద్దే. నేను కుడుతుంటే వెనకనుంచి వచ్చి నా వీపు మీద బొమ్మలు గీసేది. అది చూసుకోకుండా నేను బజారుకెళ్ళి వచ్చేదాన్ని. అందరూ నవ్వేవాళ్ళు. నన్ను మిషనమ్మా అని పిలిచేది."

"ఎవరు తీసుకెళ్ళారు?"

"వాళ్ళ పిన్ని. మంచావిడే. పెళ్ళయి ఇల్లు కుదురుకుంది, అక్క కూతుర్ని పెంచుకుంటానని వచ్చింది. అంతకంటే ఏం కావాలి?" అత్తయ్య గుడ్డ సర్దుకుంది. "వాళ్ళు వాకిట్లో నిలబడ్డారు. నేను ఇక్కడే ఉన్నాను. దారం తెగిపోయిందని కూడా తెలియలేదు, ఉత్త సూదితో తొక్కుతూ కూర్చున్నాను. అది పిలిచింది. మిషనమ్మా అని రెండుసార్లు పిలిచింది. నేను లేవలేదు."

వాకిట్లో ఎవరో చొక్కా కోసం వచ్చారు. కాజాల బాబాయి వాళ్ళని రేపు రమ్మని పంపేశాడు. ఆ చొక్కా తయారై ఆయన చేతిలోనే ఉంది.

"ఇప్పుడెక్కడుంది అత్తయ్యా?"

"నాకెలా తెలుస్తుంది?"

"వెతుకుదామా?"

"పన్జూసుకో అమ్మాయ్. ఆరు వందలున్నాయి."

సరేనని లేచాను. కానీ ఆవిడ అప్పుడు కుట్టిన చొక్కా చూశాను. కుడిచెయ్యి తిరగేసి కుట్టింది. నలభయ్యేళ్ళలో ఎన్నడూ అలా కుట్టని మనిషి. ఆ చొక్కా చేతిలో పట్టుకుని నేను గట్టిగా నిర్ణయించుకున్నాను.

*

గుండీలు కొనుక్కొస్తానని చెప్పి బయల్దేరి, పిల్లల సంరక్షణ కార్యాలయానికి వెళ్ళాను. రెండో అంతస్తు. బల్ల మీద ఫైళ్ళు ఎంత ఎత్తున ఉన్నాయంటే, వాటి వెనక కూర్చున్నావిడ కళ్ళజోడు మాత్రమే కనిపించింది. మనసులో ఆవిడకి ఫైళ్ళ మేడం అని పేరు పెట్టుకున్నాను.

"మీరెవరు?"

"కోడల్ని."

"ఎవరికి?"

సంగతంతా చెప్పాను. విని, "కోడళ్ళకి ఫైలు చూపించం. అప్పుడు పిల్లల్ని చూసుకున్నవాళ్ళ సంతకం కావాలి" అంది.

ఇంటికొచ్చి మామయ్యకి చెప్పాను. తిడతారనుకున్నాను. ఆయన గుమ్మం వైపు ఒకసారి చూసి, అత్తయ్య లేదని తేల్చుకుని, చెవి మీది పెన్సిలు తీసి కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చారు. మర్నాడు మళ్ళీ రెండో అంతస్తు. "పెన్సిలు సంతకం చెల్లదమ్మా" అంది ఫైళ్ళ మేడం. మళ్ళీ ఇంటికి. మామయ్య పెన్ను పట్టుకుని బిక్కమొహం వేశారు. "జీవితంలో దేన్నీ చెరపడానికి వీల్లేకుండా రాయలేదమ్మా నేను" అన్నారు. అయినా రాశారు. మూడోరోజు మళ్ళీ మెట్లెక్కాను. ముప్పైరెండు మెట్లు.

"ఇన్ని గుండీలు ఎవరి కోసం కొంటున్నావే?" అన్నాడు మా ఆయన అంతకుముందు రోజు సాయంత్రం. సంగతి చెప్పగానే, "నన్నెందుకు తీసుకెళ్ళలేదు?" అని అలిగాడు. అలక పదకొండు నిమిషాలుంది.

ఆ మూడోరోజు ఫైళ్ళ మేడం పాత ఫైలు దుమ్ము దులిపి తెరిచింది. చదువుతూ చదువుతూ ఒకచోట ఆగింది. కళ్ళజోడు తీసి నా వంక చూసింది.

"మీ అత్తగారు చదువుకున్నారా?"

"ఏడో తరగతి దాకా. ఎందుకండీ?"

"ఆ పాప వెళ్ళిన నెలకి మా ఆఫీసు నుంచి ఒకావిడ మీ ఇంటికి వెళ్ళింది, ఇంకో పాపని తీసుకుంటారా అని అడగడానికి. మీ అత్తగారు చెప్పింది చెప్పినట్టు ఇక్కడ రాసుకుంది. కింద ఆవిడ సంతకం కూడా ఉంది." ఆవిడ చదివింది. "ఇంక ఎవరూ మా గుమ్మం తొక్కొద్దు. మీరూ వద్దు, ఆ పిల్లలూ వద్దు. ఎవరైనా అడిగితే మాకు వాళ్ళెవరూ తెలీదని చెప్పండి."

నేను వంగి ఆ సంతకం చూశాను. అత్తయ్యదే.

"ఇది ఇక్కడితో ఆగిపోతే బాగుండేది" అంది ఆవిడ. "పద్దెనిమిది దాటితే పిల్లలు వచ్చి అడగొచ్చు. మీ సుద్దముక్క పంతొమ్మిదో ఏట వచ్చింది. ఫైల్లో ఏముందో చదివి చెప్పడం మా విధి. చెప్పారు."

"ఏమందండీ?"

"అప్పటికి నేనీ సీట్లో లేను. ఏమందో రాయలేదు. కానీ చిరునామా ఇచ్చి వెళ్ళింది. ఆ తర్వాత నాలుగుసార్లు వచ్చింది. ఇల్లు మారినప్పుడల్లా వచ్చి చిరునామా మార్పించుకుంది. ఆఖరిసారి రెండేళ్ళ క్రితం, నేనే రాశాను. ఎవరైనా అడిగారా అంది. లేదన్నాను. సరే, ఎందుకైనా మంచిది రాసుకోండి అని వెళ్ళిపోయింది."

"అయితే ఉత్తరం రాస్తాం. మీరు పంపండి."

"ఆ మాట అన్నవాళ్ళు వచ్చి వెనక్కి తీసుకోవాలి. వాళ్ళే రావాలి. కోడళ్ళు కాదు" అంది. ఆ చివరి మాట అంటున్నప్పుడు కొంచెం నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

ఇంటికి నడుస్తూ రెండుసార్లు ఆగాను. చెప్పకపోతే అత్తయ్య జీవితాంతం ఒక్క తప్పుతోనే బతుకుతుంది, లేవకుండా కూర్చున్న తప్పుతో. చెప్తే రెండు. ఎవరిచ్చారు నాకీ హక్కు? పంతొమ్మిది పుస్తకాల సగటు తీసినంత మాత్రాన ఒక మనిషి లోపల చెయ్యి పెట్టొచ్చా? ఇంకో పక్కన, నాలుగు ఇళ్ళు మారుతూ నాలుగుసార్లు ముప్పైరెండు మెట్లెక్కిన మనిషొకతె ఉంది. ఆవిడ గురించి ఎవరు ఆలోచిస్తారు?

అత్తయ్య ఇస్త్రీ బల్ల దగ్గర ఉంది. తలుపు దగ్గరగా వేసి, దాచకుండా చెప్పాను. ఆవిడ ఇస్త్రీ ఆపలేదు. కాలరు తిప్పి, రెండో వైపు చేసింది.

"అన్నాను. ఆ మాట అన్నది నేనే" అంది. మళ్ళీ తనే, "దానికి చదివి వినిపించారా?"

"ఊఁ."

"మొత్తం?"

"ఊఁ."

ఇస్త్రీపెట్టె నిలబెట్టి, స్విచ్చి తీసేసింది. చొక్కా మడతపెట్టి గంపలో వేసింది.

"ఆఫీసు ఎన్నింటిదాకా?"

"అయిదింటిదాకా."

"పద."

పన్లో ఉన్న బట్టల్లోనే, మెళ్ళో టేపుతోనే బయల్దేరింది. మామయ్య కత్తెర పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. అడగలేదు. కాజాల బాబాయి మాత్రం, "వదినా, గుండీలు కొనడానికా?" అన్నాడు.

"నోరు మూసుకుని కాజాలు కుట్టు మరిదీ" అంది అత్తయ్య.

ముప్పైరెండు మెట్లూ ఆగకుండా ఎక్కింది. ఫైల్లో తన మాటల మీద తనే అడ్డంగా గీత కొట్టి, పక్కన సంతకం చేసింది. కాగితం ఇమ్మని అడిగి, అక్కడే, ఆ బల్ల మూలన నిలబడే రాసింది. చాలాసేపు రాసినట్టుంది గానీ, తీరా చూస్తే మూడు వాక్యాలు.

"నేను మిషనమ్మని. ఆ మాటలు అన్నది నేనే, వేరే ఎవరూ కాదు. ఆ రోజు నువ్వు పిలిచింది నాకు వినపడింది."

"క్షమించమని రాయరా?" అంది ఫైళ్ళ మేడం మెల్లగా.

"కాగితం మీద ఎందుకండీ అది" అంది అత్తయ్య.

*

ఆ తర్వాత మూడు వారాలు మేం మనుషుల్లా బతకలేదు. నా సగటులు నిలబడ్డాయి. ఊళ్ళో మిగిలిన ఇరవైమంది పిల్లల్ని పిలిచి తొడిగి చూస్తే పద్దెనిమిదిమందికి అతికినట్టు సరిపోయాయి. మామయ్య వాళ్ళ చుట్టూ రెండుసార్లు తిరిగి, ఒక్కొక్కరి భుజం లాగి చూసి, ఏమీ అనకుండా వెళ్ళి నాకు ఒక కొత్త టేపు తెచ్చి మెళ్ళో వేశారు. పట్టా పుచ్చుకున్న రోజు కూడా నాకంత ఆనందం కలగలేదు. మా ఆయన కటింగు బల్ల కింద పడుకుని మధ్యాహ్నం కునుకు తీసేవాడు. పైనుంచి గుడ్డపీలికలు రాలి, లేచేసరికి పక్షిగూట్లోంచి వచ్చినవాడిలా ఉండేవాడు.

ఎవరూ ఉత్తరం మాట ఎత్తలేదు. అత్తయ్య కూడా ఎత్తలేదు. కాకపోతే పోస్టుమాన్ వచ్చే వేళకి ఆవిడకి గుమ్మం ఊడవాల్సిన అవసరం వచ్చేది. రోజూ ఊడ్చేది. ఆయన ముందుకి వెళ్ళిపోయాక చీపురు గోడకి ఆనించి వచ్చి కూర్చునేది. మొదటివారం మూడొందలు దాటాం. రెండోవారం నాలుగువందల యాభై. కుట్టే వేగం ఆవిడది మా అందరికంటే ఎక్కువ. మడమ నొప్పెడుతోందంటే మా ఆయన పాదాలు పట్టబోయాడు. "పో, నీ పెళ్ళాం కాళ్ళు పట్టు, రోజూ ముప్పైరెండు మెట్లెక్కింది" అంది. సిగ్గుతో నేను బాబిన్ల డబ్బా తన్నేశాను.

గురువారం వచ్చింది. మర్నాడు పదకొండింటికి బడి లారీ వస్తుంది. అయిదువందల అరవై జతలు కట్టలు కట్టి గోడ పొడుగునా పేర్చాం. ఇంకా నలభై చొక్కాలకి ఇస్త్రీ ఉంది, కొన్నింటికి కాజాలున్నాయి. మధ్యాహ్నం ఎవరో గుమ్మం బయటే నిలబడి దగ్గారు.

ఫైళ్ళ మేడం! ఫైళ్ళు లేకుండా చూస్తే చాలా పొట్టిగా ఉంది.

"నేను ఆఫీసుదాన్ని. గుమ్మం తొక్కొచ్చా?" అంది.

అత్తయ్య లేచి నిలబడింది. "రండి" అని మాత్రం అంది.

"టపాలో వేస్తే రేపటికి అందదు. భోజనానికి వెళ్తూ ఇచ్చిపోదామని వచ్చాను" అని కవరు చేతికిచ్చి, టీ కూడా వద్దని వెళ్ళిపోయింది.

అత్తయ్య కవరు చింపింది. చదివింది. మళ్ళీ చదివి నా చేతికిచ్చింది. "పైకి చదువు. అందరూ వినండి."

చదివాను.

"ఉత్తరం అందింది. నేను అంబులెన్సు నడుపుతాను. నాకిద్దరు పిల్లలు. మీ ముఖాలు నాకు గుర్తులేవు. ఇస్త్రీ వాసన గుర్తుంది. మీరిచ్చిన గౌనుకి మూడు మడతలూ విప్పేశాను. ఆ తర్వాత కూడా చాలా పెరిగాను. శుక్రవారం నాకు డ్యూటీ లేదు, ఇంట్లో ఉంటాను. వస్తే రండి. నేను ఒకటే అడుగుతాను, ఎందుకు లేవలేదని. సమాధానం తెచ్చుకుని రండి. మళ్ళీ శుక్రవారం సెలవు ఎప్పుడొస్తుందో తెలియదు."

కింద చిరునామా ఉంది. బస్సులో రెండున్నర గంటల దూరం.

మామయ్య బల్ల అంచు పట్టుకుని నిలబడ్డారు. "అంబులెన్సా..." అన్నారు. తర్వాత గోడ పొడుగునా ఉన్న కట్టల వంక చూశారు. "రేపెలా కుదురుతుంది? లారీ వస్తుంది. బడివాళ్ళు లెక్క చూసుకుంటారు, ఎవరిదైనా సరిపోకపోతే అక్కడికక్కడ సర్దాలి. నువ్వూ నేనూ లేకపోతే ఎలా? రాద్దాం. పనుంది, వచ్చే వారం వస్తామని రాద్దాం. అర్థం చేసుకుంటుంది."

ఆర్డరు తెచ్చిన రోజు మా ఆయన మొహం గుర్తొచ్చింది. ఆయన మాత్రం తల్లి మొహం వైపే చూస్తున్నాడు.

అత్తయ్య చొక్కా చేతిలోకి తీసుకుంది. గుండీలు పెట్టింది. మడతపెట్టింది. కట్ట మీద పెట్టి, అరచేత్తో అదిమింది.

"అబ్బాయ్, మిగిలిన ఇస్త్రీ నువ్వు చెయ్యి. కాల్చావంటే చంపేస్తాను" అంది.

"అలాగేనమ్మా."

"మరిదీ, కాజాలు సాయంత్రానికి అయిపోవాలి. రేపు లారీ దగ్గర నువ్వుండు. లెక్క నువ్వు అప్పజెప్పు. బిగువైనవి ఏమైనా ఉంటే తీసి పక్కన పెట్టించు, శనివారం నేను సర్దుతాను."

"ముప్పయ్యేళ్ళుగా చొక్కాలకి కన్నాలు పెట్టడం తప్ప ఏదీ అప్పజెప్పలేదు నాకు" అన్నాడు కాజాల బాబాయి. "ఒక్కటి తగ్గినా నన్నడుగు వదినా."

"మరి ఏం చెప్తావు?" అన్నారు మామయ్య. "ఎందుకు లేవలేదంటే ఏం చెప్తావు? ఏమైనా ఉందా నీ దగ్గర?"

అత్తయ్య తల అడ్డంగా ఊపింది. "ఇన్నేళ్ళుగా వెతుకుతున్నాను. లేదు. లేదనే చెప్తాను. కానీ ఈసారి దాని వాకిట్లో నిలబడి చెప్తాను." మెళ్ళోంచి టేపు తీసి చుట్టచుట్టి బల్ల మీద పెట్టింది. "మీరు తెల్లచొక్కా వేసుకోండి. ఆ పెన్సిలు ఇంట్లో వదిలెయ్యండి. అమ్మాయ్, దారి చూడాల్సింది నువ్వే, నాతో రా. రేపు ఆరున్నర బస్సుకి వెళ్తున్నాం."